అంబాసిడర్ ముందు సీటు

అంబాసిడర్ ముందు సీటు కుంగితే డ్రైవరు వైపే కుంగుతుంది. ఎడమ వైపు ఎవరైనా కూర్చోవచ్చు, కూర్చోకపోవచ్చు. కుడి వైపు మాత్రం ఖాళీగా ఉండేదెప్పుడు? చాలామంది పైన కొత్త కవరు తొడిగించి పని అయిపోయిందనుకుంటారు. కొన్నాళ్లకు గుంత మళ్లీ తేలుతుంది. జబ్బు రెగ్జిన్‌లో కాదు, దాని అడుగున ఉంది.

బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగా వచ్చిన ఈ కారు కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 2014 దాకా తయారైంది. పాత మోడళ్లలో గేరు రాడ్డు స్టీరింగు పక్కనే ఉండేది కాబట్టి ముందు ఒకే పొడుగు సీటు, ముగ్గురికి చోటు. టాక్సీవాళ్ల లెక్కలో నలుగురు.

పని తెలిసిన మేస్త్రి పాత కవరును చించి పారెయ్యడు. కుట్టు విప్పకముందే ముక్కలు కలిసే చోటల్లా సుద్దతో గీతలు పెట్టుకుంటాడు. తర్వాత ఒక్కొక్క కుట్టే విప్పుతాడు. కొత్త కవరుకు కొలత ఆ ముక్కలే. అయితే డ్రైవరు వైపు ముక్క సాగిపోయి ఉంటుంది, దాని కొలత నమ్మడానికి లేదు. ఎడమ సగాన్ని కాగితం మీద పరిచి గీసి, దాన్నే తిరగేసి కుడి సగం కోస్తారు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా నచ్చే తెలివి ఇదే.

కవరు తీశాక అసలు సంగతి బయటపడుతుంది. తుప్పు పట్టిన చట్రం, విరిగిన స్ప్రింగులు, పొడిగా రాలే స్పాంజి. విరిగిన స్ప్రింగు మారుస్తారు, వంగినదాన్ని నిలబెడతారు. ఆపైన పురికొసతో నిలువునా అడ్డంగా ప్రతి స్ప్రింగునూ పక్కదానికి ముడివేస్తారు. అప్పుడు బరువు ఒక్కదాని మీదే పడదు, అన్నీ కలిసి దిగుతాయి. వాటి మీద గోనెపట్టా తప్పనిసరి. అది లేకపోతే తీగ మెత్తను కోసేస్తుంది. దాని మీద రబ్బరు పట్టించిన కొబ్బరి పీచు, ఆపైన పలచని స్పాంజి. పీచుకు గాలి ఆడుతుంది. మన ఎండల్లో ఒట్టి స్పాంజి మీద గంటసేపు కూర్చున్నవాళ్లకు తేడా తెలుస్తుంది.

ఇప్పుడు రెగ్జిన్ పేరుతో దొరికేది ఎక్కువగా బట్ట మీద పీవీసీ పూత. దారం నైలాన్‌దో పాలిస్టర్‌దో కావాలి, నూలు దారం చెమటకు చివుకుతుంది. కుట్లు మరీ దగ్గరగా పడితే రెగ్జిన్ పోస్టు బిళ్ల అంచులా చిరుగుతుంది. అంచుల పైపింగ్‌కు పట్టీని ఏటవాలుగా కోయాలి, లేకపోతే మూల తిరిగేచోట ముడతలు పడతాయి. తొడిగే ముందు కవరును కాసేపు ఎండలో వేస్తే మెత్తబడి లాగినట్టల్లా వస్తుంది.

ఎత్తు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. మెత్త రెండంగుళాలు పెరిగితే స్టీరింగు తొడలకు తగులుతుంది, పెడళ్లు దూరమవుతాయి, అద్దంలో వెనక రోడ్డు మరో చోట కనిపిస్తుంది. అందుకే క్లిప్పులు బిగించకముందే బండి నడిపే మనిషిని కూర్చోబెట్టి చూసుకోవాలి. కొత్తలో సీటు గట్టిగా ఉందని ఇంట్లోవాళ్లు సణుగుతారు, ఇంకాస్త స్పాంజి పెట్టించమంటారు. పెట్టించకండి. వాడకంలో అదే అణుగుతుంది.