వీధి నుండి కనబడే దేహం: 1329 ఫసలీ చట్టం – ఒక పరిశీలన

లైంగికతను అణచివేసే ముందు సమాజం దానికొక పేరు పెడుతుంది. నిర్వచించి, పట్టికలో చేరుస్తుంది. అణచివేతను మౌనంగా మాత్రమే చూడరాదని మిషెల్ ఫూకో 1976లో చేసిన ప్రతిపాదనకు తెలుగునేల మీద బలమైన ఉదాహరణ హైదరాబాదు సంస్థానంలో 1919లో (1329 ఫసలీ) వచ్చిన నపుంసకుల చట్టం.

బ్రిటిష్ ప్రభుత్వపు 1871 నాటి నేరస్థ తెగల చట్టం ఛాయలు ఇందులో స్పష్టం. నగరంలో నివసించే అనుమానితుల పేర్లతో పట్టిక నిర్వహించాలని ఇది నిర్దేశించింది. పట్టికకెక్కిన వ్యక్తి స్త్రీ వేషంలోనో ఆభరణాలతోనో వీధిలో కనిపించినా, వీధి నుండి కనబడాలన్న ఉద్దేశంతో మరోచోట ఉన్నా, వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. శిక్ష రెండేళ్ళ వరకు జైలు. ఇక్కడ ఎవరికి హాని జరిగిందన్న ప్రశ్నే లేదు. కనబడటమే నేరం, చూసేవారి అసహనమే సాక్ష్యం.

ఈ చట్టాన్ని సవాలు చేస్తూ 2018లో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. అది విచారణలో ఉండగానే, 2021 మార్చిలో సైబరాబాద్ పోలీసులు గచ్చిబౌలి ఠాణాలో ట్రాన్స్‌జెండర్ల కోసం ప్రత్యేక సహాయ విభాగాన్ని ప్రారంభించారు. ఐటీ సంస్థల నడుమ, ఒకనాడు అనుమానితుల పట్టిక రాసిన వ్యవస్థే ఫిర్యాదు స్వీకరించడానికి కూర్చుంది. చట్టం రాజ్యాంగవిరుద్ధమని తెలంగాణ హైకోర్టు తీర్పునిచ్చింది మాత్రం 2023 జులైలో. అంటే రెండేళ్ళకు పైగా అనుమానపు భాష, రక్షణ భాష ఒకే రాజ్యం నోట పక్కపక్కనే నిలిచాయి.

దీనిని కేవలం పురోగతిగా చదవడం తొందరపాటు. లింగ గుర్తింపు వ్యక్తి స్వీయ నిర్ణయమని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది. అయినా 2019 నాటి చట్టం జిల్లా మేజిస్ట్రేటు ధ్రువపత్రాన్ని కోరుతుంది. జైలుకు దారితీసే పట్టిక, హక్కుకు దారితీసే ధ్రువపత్రం ఒకటి కావు. మొదటిది అడగకుండా రాసినది, రెండవది అడిగి పొందేది. కాని గుర్తింపును ఖరారు చేసే కలం ఇప్పటికీ కార్యాలయం చేతిలోనే ఉంది.

తెలుగు భాషకు ఈ చర్చలో చోటుంది. గౌరవార్థంలో వాడే 'వారు' లింగం అడగదు. 'ఆమె', 'అతడు' అన్నచోట ఎంపిక తప్పదు. ఆ ఎంపిక ఎవరిదన్నదే అసలు ప్రశ్న. 'నపుంసకుడు' అన్న శాసనపదం ఎదుటివారు పెట్టినది. ట్రాన్స్‌జెండర్ జీవితాలపై వచ్చే తెలుగు రచనలను పరిశీలించేటప్పుడు వస్తువు కన్నా ముందు ఈ సంబోధనను చూడాలి. చట్టం రద్దయినా, పట్టిక రాసిన చూపు కథకుని సర్వనామంలో మిగిలిపోవచ్చు.