తాళం వేసిన ఇంట్లో కొళాయి

మా మొగల్తూరులో నీళ్ళ పైపుకి వచ్చే జబ్బులు రెండే. ఒకటి ఉప్పు పట్టడం. బోరు నీళ్ళు వాడే ఇంట్లో కొన్నాళ్ళకే కొళాయి మూతి తెల్లగా పేరుకుపోయి ధార సన్నబడుతుంది. చివరికి ప్లంబరు వచ్చి ఆ ముక్క కోసి పారేసి, కొత్త ముక్క సొల్యూషన్ పెట్టి అతికించి వెళ్తాడు. రెండోది గాలి పట్టడం. ట్యాంకు ఒట్టిపోయాక మళ్ళీ నింపితే కొళాయి బుస్సుమంటుందే తప్ప చుక్క రాదు. మూడో జబ్బొకటుంది, పైపులో నీళ్ళు గడ్డకట్టడం. అది ఈ ఊరి గాలికి పుట్టేది కాదు. ధనుర్మాసంలో మంకీ క్యాప్ బిగించుకుని, ఎముకలు కొరికేస్తోందని మేం చెప్పుకునే చలి థర్మామీటరు లెక్కలో 17, 18 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది.

అయినా ఈ వారం దాని గురించే రాయాలి. కారణం సంక్రాంతి. ఇంకొద్ది రోజుల్లో నరసాపురం స్టేషన్లో పెద్ద పెద్ద సూట్‌కేసులు దిగుతాయి. డాలస్ పిల్లలు, న్యూజెర్సీ పిల్లలు, టొరంటో పిల్లలు వస్తారు. పందెం బరులు, పేరుపాలెం సముద్రం, మేనత్తల ఇళ్ళల్లో విందులతో వాళ్ళకి రోజులు తెలియవు. అక్కడ వాళ్ళ ఇల్లు మాత్రం ఏడాదిలోకెల్లా గట్టి చలిరోజుల్లో తాళం వేసి ఉంటుంది. కిందటి పండక్కి మా వీధిలో ఒకరింట్లో కనుమ నాడు భోజనాల దగ్గర ఫోను మోగింది. న్యూజెర్సీలో పక్కింటివాళ్ళు. మీ గ్యారేజీ తలుపు కింద నుంచి నీళ్ళు వస్తున్నాయి, బయటికొచ్చి గడ్డకడుతున్నాయి అన్నారు. ఆ కుర్రాడు విస్తరి ముందు నుంచి లేచిపోయాడు. లేచి చెయ్యగలిగిందేముంది, టిక్కెట్టు ముందుకు జరుపుకోవడం తప్ప.

అసలు పైపు ఎందుకు పగులుతుందో ముందు చూడాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుందని బళ్ళో చదువుకున్నాం. ఆ ఉబ్బిన గడ్డే పైపుని చీలుస్తుందని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు జరిగేది వేరు. పైపు మధ్యలో ఒకచోట గడ్డ కట్టి దారి మూసేస్తుంది. గడ్డ పెరిగేకొద్దీ తన ముందున్న నీళ్ళని కొళాయి వైపు నెడుతుంది. కొళాయి కట్టేసి ఉంటే ఆ నీళ్ళు ఎటూ పోలేవు, నీళ్ళు నొక్కితే అణిగేవీ కావు. ఒత్తిడి పెరిగి పెరిగి, గడ్డకి దూరంగా, ఇంకా నీళ్ళు నీళ్ళుగానే ఉన్నచోట పైపు విచ్చుకుంటుంది. రాగి గొట్టమైతే పొడుగ్గా చీలుతుంది. పెక్స్ అనే ప్లాస్టిక్ గొట్టం కొంత సాగి తట్టుకుంటుంది గానీ జాయింట్ల దగ్గర దాన్నీ నమ్మలేం. అన్నిటికన్నా మోసం ఏమిటంటే, పగిలిన సంగతి ఆ పూట తెలియదు. గడ్డే బిరడా అయి నీటిని ఆపి ఉంచుతుంది. ఎండ వచ్చి, హమ్మయ్య చలి తగ్గిందని జనం ఊపిరి పీల్చుకున్నప్పుడు గడ్డ కరుగుతుంది, ఇల్లు కురుస్తుంది.

సున్నాకి దిగగానే ఇదంతా జరగదు. లంబసింగిలో సున్నా పడిందని ఏటా డిసెంబరులో మన పేపర్లు బొమ్మలతో సహా రాస్తాయి. గడ్డి మీద తెల్లగా మంచు పేరుకోవడం నిజమే. కానీ తెల్లారగట్ల కాసేపు, పొద్దెక్కగానే మాయం. ఆ కాసేపటికి పైపు లోపలి నీళ్ళు అంతగా చల్లబడవు. అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు అటకల్లో గొట్టాలు పెట్టి పరీక్షలు చేసి ఒక హద్దు చెప్పారు. ఏ తొడుగూ లేని పైపుకి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ప్రమాదం మొదలవుతుంది. మన లెక్కలో మైనస్ 6.7. దక్షిణాది రాష్ట్రాల ఇళ్ళని దృష్టిలో పెట్టుకుని చెప్పిన హద్దది. ఉత్తరాదిన చలికి అలవాటుపడ్డ ఇళ్ళల్లో పైపులు లోపలి గోడల వెంట పోతాయి. టెక్సస్ లాంటి చోట ఇళ్ళు ఎండని తట్టుకోవడానికి కట్టారు. పైపులు అటక మీద పోతాయి, వాటర్ హీటరూ చాలా ఇళ్ళల్లో అటక మీదే. ఇంటి వేడి పైకి పోకుండా అటక నేల మీద దూది లాంటిది పరుస్తారు. పైపు ఆ పరుపు కింద ఉంటే బతుకుతుంది. పైన ఉంటే బయట చలిలో ఉన్నట్టే.

2021 ఫిబ్రవరిలో ఆ టెక్సస్‌కే మంచు తుపాను గండం వచ్చింది. ఆ వారం మా మేనల్లుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాడు. మనవరాలు పుట్టిందని వెళ్ళి కోవిడ్ రోజుల్లో అక్కడే ఉండిపోయిన మా అక్కా వాడింట్లోనే ఉంది. ఫిబ్రవరి 15 అర్ధరాత్రి దాటాక 1.20కి ఆ రాష్ట్రపు విద్యుత్ గ్రిడ్ నడిపే ఎర్కాట్ కోతలు మొదలుపెట్టమంది. కోతలు లేకుండా ఇంకో నాలుగున్నర నిమిషాలు సాగితే గ్రిడ్ మొత్తం కూలిపోయేదని తర్వాత వాళ్ళే చెప్పారు. 45 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది. గ్యాసుతో వేడెక్కే ఇళ్ళూ చల్లబడిపోయాయి. గ్యాసున్నా వేడిగాలిని తోసే ఫ్యాను తిరగాలంటే కరెంటు కావాలిగా. మర్నాడు, మనకి వసంత పంచమి, డాలస్ ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయంలో మైనస్ 2 ఫారెన్‌హీట్ పడింది. సెల్సియస్‌లో దాదాపు మైనస్ 19. రాష్ట్రం మొత్తం మీద ఆ తుపానుకి పోయిన ప్రాణాలు 246 అని టెక్సస్ ఆరోగ్యశాఖ లెక్క తేల్చింది.

చలి వస్తోందని హెచ్చరిక రాగానే మా అక్క చేసిన మొదటి పని, ఇంట్లో ఉన్న గిన్నెలూ బకెట్లూ కూలర్ డబ్బాలూ అన్నీ నింపెయ్యడం. తర్వాత స్నానాల తొట్టి కూడా నింపేసింది. మేనల్లుడు నవ్వాడట. మొగల్తూరు మనిషికి అది నవ్వులాట కాదు. ఇక్కడ వేసవిలో కాలవ కట్టేస్తారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి డెల్టా బతుకంతా కాలవ వదలడం, కాలవ కట్టడం మీదే నడుస్తోంది. మేం శివారు వాళ్ళం, సముద్రం పక్కన. భూమిలో నీరు ఉప్పు. కాలవ కట్టేసే లోపు మంచినీటి చెరువు నిండకపోతే వేసవంతా యాతనే. నీళ్ళు పోతాయన్న కబురు వింటే ఇక్కడి ఆడవాళ్ళ చెయ్యి దానంతటదే బిందె మీదకి పోతుంది. ఆ వారం ఆ తొట్టి నీళ్ళే వాళ్ళని కాపాడాయి. ఇరుగుపొరుగు బయట మంచు ఎత్తి తెచ్చి కరిగించి టాయిలెట్లలో పోసుకుంటుంటే, మా అక్క రథసప్తమికి గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచుకుని తలస్నానం చేసింది. జిల్లేడాకులు దొరకలేదన్న బాధ మాత్రం ఇప్పటికీ ఉంది ఆవిడకి.

అదే అక్క ఇంకో పని కూడా చేసింది. మేనల్లుడు హెచ్చరికల ప్రకారం రాత్రిపూట కొళాయిలన్నీ సన్నగా కారేట్టు వదిలి పడుకునేవాడు. అర్ధరాత్రి అక్క లేచి ఒక్కొక్కటీ కట్టేసేది. పొద్దున వాడు గొడవ. "కొళాయి కారుతుంటే నాకు నిద్దరెలా పడుతుందిరా?" అని అక్క. వీడియో కాల్‌లో పంచాయితీ నా దగ్గరకొచ్చింది. "మావయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు వాడు. ఆ రోజు నేను అక్క వైపే మాట్లాడి ఉంటే మా ఊళ్ళో ఎవరూ తప్పు పట్టేవారు కాదు. కారే కొళాయి ఇక్కడ ఇంటికి అప్రతిష్ఠ. కానీ పైన చెప్పుకున్న ఒత్తిడి సంగతి తెలిస్తే వాడు ఎందుకు వదులుతున్నాడో అర్థమవుతుంది. గడ్డ కట్టకుండా ఆపడానికి ఆ ధార కొంతే పనికొస్తుంది. దాని అసలు ఉపయోగం, గడ్డకీ కొళాయికీ మధ్య చిక్కిన నీటికి దారి ఇవ్వడం. కొళాయి తెరిచి ఉంటే పైపు గడ్డకట్టినా పగలకుండా బయటపడే అవకాశం ఎక్కువ. వేడి వైపు, చన్నీటి వైపు రెండూ కారాలి. ఆ మాటే చెప్పాను. "సరే, మీ చదువులు మీవి" అని అక్క ఫోను వాడి చేతికిచ్చేసింది.

చివరికి పగిలింది ఆవిడ కట్టేసిన కొళాయిల లైను కాదు. మేడ మీద ఎవరూ వాడని గదికి ఒక స్నానాలగది ఉంది, దాని సంగతి ఎవరికీ గుర్తులేదు. మంగళవారం నుంచే అక్కడ చుక్క లేదు. ఆ వారాంతం ఎండ కాసింది. పిల్లదాని ఉయ్యాల పక్కన సీలింగు లైటులోంచి నీళ్ళు కారడం మొదలై, కాసేపటికి నాని ఉబ్బిన షీట్‌రాక్ పలక మొత్తం ఊడిపడింది. పిల్ల అప్పుడు వంటింట్లో నాయనమ్మ ఒళ్ళో ఉంది కాబట్టి సరిపోయింది.

అప్పుడు తేలిన సంగతేమిటంటే, ఇంటికొచ్చే నీళ్ళని ఎక్కడ కట్టాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇక్కడ పదేళ్ళ పిల్లాడినడిగినా డాబా ఎక్కి ట్యాంకు కింద గేట్ వాల్వు చూపిస్తాడు. కాలవ మీద లస్కరుకి ఏ తూము ఎన్ని చుట్లు తిప్పాలో చీకట్లోనూ తెలుసు. అక్కడి వాల్వు రోడ్డు పక్కన మీటరు పెట్టెలో, మూత కింద, ఆ వేళకి కరగని మంచు కింద ఉంది. పక్కింటి పెద్దాయన ఇనప తాళంచెవి తెచ్చి పావు చుట్టు తిప్పితే ఆగింది. ఆ తర్వాత ప్లంబరు దొరకడానికి వారాలు పట్టింది. బయటి రాష్ట్రాల ప్లంబర్లు కూడా వచ్చి పనిచెయ్యడానికి టెక్సస్ ప్రభుత్వం నిబంధనలు సడలించాల్సి వచ్చింది.

నా లెక్కలో ఈ విద్య మొత్తంలో మొదటిది వాల్వు, మిగతావన్నీ దాని తర్వాతే. ఉన్నట్టుండి ఒక కొళాయి రాకపోతే గడ్డ కట్టిందనే అనుకోవాలి. వెంటనే మెయిన్ కట్టేసి, ఆ కొళాయి తెరిచి ఉంచాలి. మా ఊళ్ళో నీళ్ళు రానప్పుడు కొళాయి తెరిచి మరిచిపోతే అర్ధరాత్రి నీళ్ళు వదిలి ఇల్లు నిండుతుందని భయం. అక్కడ మెయిన్ కట్టి ఉంది కాబట్టి ఆ భయం లేదు. కరిగించడం కొళాయి దగ్గర మొదలుపెట్టి వెనక్కి వెళ్ళాలి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీరు, ఆవిరి రెండు గడ్డల మధ్య చిక్కుతాయి. జుట్టు ఆరబెట్టే డ్రయ్యరు చాలు, లేదా వేడినీళ్ళలో ముంచిన తువ్వాళ్ళు చుట్టాలి. కింద నీళ్ళు నిలిచి ఉంటే కరెంటు సామాను ముట్టుకోకూడదు. నిప్పు సెగ అసలు వద్దు. పైపు కన్నా ముందు గోడ లోపలి చెక్క అంటుకుంటుంది. అలాగే చలి కాచుకోవడానికి కుంపటో, బొగ్గుల గ్రిల్లో, జెనరేటరో ఇంటి లోపల పెట్టడం ప్రాణాంతకం. హ్యూస్టన్ చుట్టుపక్కల ఆ వారం కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్ళున్నారు. గడ్డంతా కరిగిందనుకున్నాక కొళాయిలన్నీ కట్టి, మెయిన్ కొద్దిగా తెరిచి మీటరు చూడాలి. అందులో చిన్న ముల్లో త్రికోణమో ఉంటుంది. ఇంట్లో ఏ కొళాయీ తెరవకుండానే అది తిరుగుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే.

ఇల్లు వదిలి వచ్చేవాళ్ళ పని ఇంతకంటే తేలిక. మెయిన్ కట్టాలి. పైనా కిందా కొళాయిలు తెరిచి, ఫ్లష్ కొట్టి ఉన్న నీళ్ళు పోనివ్వాలి. తోటకి నీళ్ళు పట్టే గొట్టం పంపు నుంచి ఊడదీసెయ్యాలి. అది తగిలించి ఉంటే పంపులో నీళ్ళు దిగవు, పగిలేది గోడ లోపల. డబ్బు మిగులుతుందని హీటింగు ఆపి రాకూడదు. 55 ఫారెన్‌హీట్‌కి, అంటే 13 సెల్సియస్‌కి తగ్గకుండా ఉంచాలి. తాళంచెవి ఒకటి పక్కింట్లో ఇవ్వాలి, వాల్వు ఎక్కడుందో వాళ్ళకి చూపించాలి. వేడినీళ్ళ రేడియేటర్లున్న పాత ఇళ్ళల్లో, మంటలార్పే స్ప్రింక్లర్లున్న అపార్ట్‌మెంట్లలో మాత్రం మెయిన్ కట్టేముందు అక్కడి పనివాణ్ణి అడగాలి. బీమా ఉందిగా అంటారు కొందరు. హఠాత్తుగా పగిలితే సాధారణంగా ఇస్తారు. హీటింగు ఆపేసి ఊరెళ్ళారని తేలితే చాలా పాలసీల్లో పేచీ మొదలవుతుంది.

కాబట్టి పిల్లలు బయల్దేరే ముందు ఫోను చేసి ఆవకాయ ఎన్ని సీసాలు కావాలని అడిగేటప్పుడే, మెయిన్ వాల్వు ఎక్కడుందిరా అని కూడా అడగండి. తెలియదంటే ఆ రోజే వెతికి ఫోటో తీసి పంపమనండి.