నాలుగు గ్లాసుల నీళ్లతో నెగటివ్

ఇంట్లో నలుపు తెలుపు ఫిలిం కడిగేవాళ్లు డెవలపర్ గురించి ఎంతసేపైనా మాట్లాడతారు. హైపో దగ్గరికొచ్చేసరికి "పోసి, కాసేపుంచి, కడిగేయడమే" అని తేల్చేస్తారు. బొమ్మను తెచ్చేది డెవలపరే, కాదనను. దాన్ని మనవల కాలం దాకా నిలిపేది మాత్రం హైపో, దాని తర్వాత పోసే నీళ్లు. నెల్లూరు జిల్లా అనంతసాగరానికి పెద్ద చెరువుంది, పక్కనే సోమశిల జలాశయం ఉంది. ఉదయగిరి వైపు మెట్టకు పోతే ఉప్పు తగిలే బోరు నీళ్లతోనే సర్దుకోవాలి. ఇలాంటి చోట ఫిలిం కడగాలంటే నీళ్ల సంగతి ముందే తెలిసుండాలి.

ఫిలిం పూతలో వెండి లవణాలుంటాయి. వెలుతురు సోకిన వాటిని డెవలపర్ నల్లటి వెండిగా మారుస్తుంది, సోకనివి అలాగే ఉండిపోతాయి. వాటిని తీసేయకపోతే తర్వాత తగిలే వెలుతురుకు నెగటివంతా మసకబారుతుంది. ఆ మిగులును కరిగించేదే హైపో, అంటే సోడియం థయోసల్ఫేట్. అది వెండి లవణాలను కరిగిస్తుందని శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ 1819లోనే కనిపెట్టాడు. ఇరవై ఏళ్లకు, 1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసినప్పుడు, ఆ పాత సంగతి అక్కరకొచ్చింది. సికింద్రాబాద్‌లో ఫొటోగ్రాఫర్ లాలా దీన్‌దయాళ్ గాజు పలకల కాలం పోయి, ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిలింస్ వారి 'ఇందు' ఫిలిం వచ్చినా స్టూడియోల్లో హైపో అలాగే ఉంది. నెల్లూరు తీరంలో రొయ్యల రైతులకూ ఇది కొత్త సరుకు కాదు, నీళ్లలో క్లోరిన్ పోగొట్టడానికి వాడతారు.

లీటరు ద్రావణానికి సుమారు 240 గ్రాముల పలుకులు కావాలి. అవి కరుగుతుంటే గిన్నె చల్లబడిపోతుంది. అందుకే గోరువెచ్చని నీళ్లతో మొదలుపెట్టమంటారు. మే నెలలో మన కుళాయి నీళ్లకు ఆ జాగ్రత్త అక్కర్లేదు! కలిపిన వెంటనే మాత్రం వాడకూడదు. వేడి డెవలపర్‌లో నాని ఉబ్బిన పూత మీద చల్లటి హైపో పడితే సన్నటి ముడతలు వస్తాయి, మళ్లీ పోవు. అన్ని ద్రావణాలూ ఒకే వేడిమికి రావాలి. 20 డిగ్రీలు దొరకని ఊళ్లో 27 అయినా ఫర్వాలేదు, డెవలపర్ సమయం తగ్గించుకుంటే సరి. ఎండాకాలం పూత మెత్తబడకుండా పాతవాళ్లు హైపోలో పటిక వేసేవారు. బురద నీళ్లు తేర్చే పటికే. ముందు సోడియం సల్ఫైట్, తర్వాత ఎసిటిక్ ఆమ్లం, చివర పటిక కలపాలి. ఈ వరస తప్పి సల్ఫైట్ కంటే ఆమ్లం ముందు పడితే గంధకం విడివడి ద్రావణం తెల్లగా మడ్డికడుతుంది.

ఎంతసేపు ఉంచాలో గడియారం కంటే ఫిలిం ముక్కే బాగా చెబుతుంది. కొస కత్తిరించి వెలుతురులోనే హైపోలో వేయండి. పాలలాంటి తెలుపు పోయి ముక్క తేటబడటానికి రెండు నిమిషాలు పట్టిందనుకోండి, ఫిలింను నాలుగు నిమిషాలు ఉంచాలి. టీ-మ్యాక్స్, డెల్టా రకాల ఫిలింలకు మూడింతలు. కంటికి తేటగా కనబడ్డా పూతలో సులువుగా కరగని వెండి సమ్మేళనాలు ఇంకా ఉంటాయి, రెండో సగం సమయం వాటిని కరిగించడానికే. కొత్త హైపోలో పట్టిన సమయానికి రెట్టింపు పడుతోందంటే ఆ హైపో పని అయిపోయినట్టే.

ఇక కడగడం. కుళాయి కింద అరగంట వదిలేయడం పాత పద్ధతి. నిమిషానికి రెండు లీటర్లు పారినా అరవై లీటర్లు పోతాయి. నాకిది ఎప్పుడూ దుబారాగానే తోస్తుంది. బియ్యం కడిగినట్టు నీళ్లు మార్చడమే అసలు కిటుకు. పూతలోని హైపో చుట్టూ ఉన్న నీళ్లలోకి ఊరి, రెండూ సమం కాగానే ఆగిపోతుంది. పారబోసి కొత్త నీళ్లు పోస్తే మళ్లీ ఊరుతుంది. ఇల్‌ఫర్డ్ కంపెనీ చెప్పిన పద్ధతిలో ఫిలిం ఉన్న ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయాలి, మళ్లీ నింపి 10 సార్లు, మూడోసారి 20 సార్లు. ఒక రీలు ట్యాంకుకు మూడు వందల మిల్లీలీటర్లు చాలు కాబట్టి మొత్తం లీటరు కూడా కాదు. పటిక వేసిన హైపోకు మాత్రం ఇది సరిపోదు. పటిక హైపోను పూతలో పట్టి ఉంచుతుంది, ఇంకా చాలాసార్లు మార్చాలి.

ఉప్పు నీళ్లంటే భయం అక్కర్లేదు. సముద్రపు నీళ్లలో హైపో మంచినీళ్లలోకన్నా త్వరగా వదులుతుందని ఏనాడో తేలింది. తాగడానికి పనికిరాని బోరు నీళ్లు ఈ మూడు మార్పులకు పనికొస్తాయి. చివరి గ్లాసు మాత్రం వాన నీళ్లో, బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరో కావాలి. లేకపోతే లవణాలు చుక్కలు చుక్కలుగా ఎండి ముఖాల మీద మచ్చలవుతాయి.

హైపో పూర్తిగా పోయిందా అని అనుమానముంటే బావుల్లో చల్లే పొటాషియం పర్మాంగనేట్ కొద్దిగా నీళ్లలో కలిపి, ఫిలిం మీంచి కారే చుక్కలు అందులో వేయండి. ఊదా రంగు వెలిసి నారింజకు తిరిగితే హైపో ఇంకా ఉన్నట్టు. ఉత్త బావి నీళ్లలో మలినం ఉన్నా రంగు మారుతుంది కనుక ముందు ఆ నీళ్లతోనే చూసుకోవాలి.

వాడేసిన హైపోలో కరిగిన వెండి ఉంటుంది. దాన్ని చెరువు కాలవలో పోయకూడదు, చేపలకు విషం. తుప్పుపట్టే రకం ఇనుప పీచు వేసి కొన్నాళ్లు ఉంచితే వెండి నల్లటి మడ్డిగా అడుక్కు దిగుతుంది.