మంగత్తాయారుకు ముప్పై సెకన్లు చాలవా?

టీవీ ప్రకటనల్లో అవ్వకు ఎక్కువగా దొరికే పనులు రెండే. పచ్చడో మసాలాపొడో రుచి చూసి, అచ్చం తన చేతివంటలాగే ఉందని ఒప్పుకోవడం ఒకటి. సెల్‌ఫోన్ పట్టుకుని మనల్ని నవ్వించడం రెండోది.

కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో, తెలుగు మాట్లాడే ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ (కి.రా.) మరో అవ్వను చూపించారు. 1976లో వచ్చిన ఆయన తమిళ నవల ‘గోపల్ల గ్రామం’లో మంగత్తాయారమ్మకు 137 ఏళ్లు. చెన్నాదేవి అందం పాలకుడి కంటబడితే, ఆమెను కాపాడుకోవడానికి తెలుగునేల వదిలి పారిపోయి వచ్చిన కథ ఈ ముసలామె నోటే వినాలి. వెనక తరుముకొస్తున్నవాళ్లు, ఎదురుగా ఏరు, దాటించడానికి వంగిన చెట్టు. అదెంతవరకు నిజమని ఎవరూ నిలదీయరు. ఆ ఊరికి దస్తావేజు ఆమే.

2017 ఐపీఎల్ రోజుల్లో వచ్చిన వొడాఫోన్ ప్రకటనల్లోని ఆశను ఈమె పక్కన నిలబెట్టి చూడండి. ఆశ, బాల అనే వృద్ధ దంపతులు గోవాలో విహరిస్తుంటారు. ఆ పాత్రలు వేసినవారు భరతనాట్య కళాకారులు శాంతా, ధనంజయన్. ముచ్చటైన ప్రకటనలే, కాదనను. ఆ జంటను వంటింట్లోంచి బయటికి తెచ్చినందుకు మెచ్చుకోవాలి కూడా. కానీ అక్కడి నవ్వంతా ‘ఈ వయసులో ఇదా!’ అన్న ఆశ్చర్యం మీదే నిలబడింది. ఆశ గోవాకు రాకముందు ఏం చేసేదో, ఎవరితో పోట్లాడిందో మనకు తెలియదు. 1968 నుంచి మద్రాసులో భరత కళాంజలి నడిపి శిష్యుల్ని తయారుచేసిన శాంతా ధనంజయన్‌కు ఉన్న గతంలో పిసరంతైనా ఆ పాత్రకు దక్కలేదు.

ముప్పై సెకన్ల ప్రకటనలో గతం ఎక్కడ ఇరికిస్తామంటారేమో. విరుదునగర్ సరుకైన ఇదయం నువ్వులనూనె ప్రకటనతో నటి చిత్ర పేరు ‘నల్లెణ్ణై (నువ్వులనూనె) చిత్ర’గానే స్థిరపడిపోయింది. తరువాత ఆ ప్రకటనల్లోకి నటి జ్యోతిక వచ్చారు. పడుచు ముఖానికి అంత గుర్తింపు తేగలిగిన వ్యవధి ముసలి ముఖానికి మాత్రం ఎందుకు చాలదు? ఇబ్బంది గడియారంతో కాదు, అవ్వ ఏమీ కోరదన్న నమ్మకంతో.

ఆ నమ్మకాన్ని సినిమా ఎప్పుడో దాటేసింది. విరుదునగర్ దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఎస్.ఎన్. లక్ష్మి, 1990 నాటి ‘మైకేల్ మదన కామరాజన్’లో చేతివాటం ఉన్న అవ్వగా నటించారు. ఆశపడుతుంది, కాజేస్తుంది, దొరికిపోతుంది. పెళ్లింట్లో ఇలాంటి ముసలమ్మను చూడనివాళ్లు ఉండరు. ప్రకటనలో అలాంటి పాత్ర రాస్తే సరుకు యజమాని ఒప్పుకోడేమో! కి.రా. మాత్రం అలా జంకలేదు; పల్లెల్లో చెప్పుకునే పచ్చి కథల్ని కూడా వదలకుండా పోగుచేసి అచ్చువేశారు. పెద్దవాళ్ల నోళ్లు ఎంత స్వేచ్ఛగా ఆడతాయో ఆయనకు తెలుసు.

అవ్వల చేతుల సంగతీ ఉంది. ప్రకటనలో అవ్వ చెయ్యి పిండి కలుపుతుంది, దీవిస్తుంది. కోవిల్‌పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతంలో అగ్గిపెట్టెల పరిశ్రమ నిలిచింది ఆడవాళ్ల చేతుల మీద. ఇంటి అరుగు మీద కూర్చుని పెట్టెలు అతికించి, లేబుళ్లు అంటించి, లెక్కచూసి కూలి తీసుకున్న ఆ మనుషులే ఇవాళ్టి అవ్వలు. డబ్బు లెక్క తెలిసిన ముసలామెను మాత్రం తెర మీద నేను చూడలేదు. ఇక ఆ దీవెన సంగతంటారా, కోవిల్‌పట్టి వేరుసెనగ మిఠాయికి 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని పేరు మోగడానికి ఏ అవ్వ ఆశీర్వాదమూ అవసరం కాలేదు.

నూనె ప్రకటన తీయబోయేవారికి ఒక్క మాట. అవ్వ చేత నూనెను పొగిడించకండి. మూత తీసి వాసన చూసి, ‘ఇది వద్దు, ఇంకోటి చూపించు’ అని కొట్టువాడితో తెగేసి చెప్పే అవ్వను ఒకసారి చూపించండి. ఆమె ఏ సీసా తీసుకుంటే మేమూ అదే కొంటాం.