వలలు నిండిన రోజున వదిలేసినవాడు

పేతురు మీద ప్రసంగం వినని విశ్వాసి తెలుగునాట ఉండడు. నీళ్ల మీద నాలుగడుగులు వేసి మునగబోయినవాడు, కోడి కూసేలోగా ముమ్మారు ఎరగనని బొంకినవాడు, పెంతెకొస్తు రోజున లేచి మాట్లాడితే మూడువేలమంది బాప్తిస్మం పొందినవాడు అని సండే స్కూలు పిల్లలు కూడా గడగడా చెప్పేస్తారు. అయితే ఆ జీవితాన్ని మొదటి నుంచి చివరిదాకా వరసబెట్టి, తొందరపడకుండా చదివే కూడికలు తక్కువ. అలా చదివే అలవాటు మన సంఘాల్లో పాతదే. కొందరు పాత్ర ధ్యానం అంటారు, కొందరు భక్తుల జీవితాలు అంటారు. దాని సంగతి చెప్పాలంటే తడ వైపు పల్లెల నుంచి మొదలుపెట్టడమే న్యాయం. పేతురు చేసిన పని ఎలాంటిదో అక్కడివాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

తడ మండలం భీములవారిపాలెం రేవులో పడవెక్కితే పులికాట్ నీళ్ల మధ్య ఇరకం దీవి వస్తుంది. మన దేశంలో చిలికా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్. ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లోనే ఉంది, దక్షిణపు కొస తమిళనాడులోకి పోతుంది. తూర్పున శ్రీహరికోట, దాని అవతల బంగాళాఖాతం. లోతు తక్కువ, గెడ వేసి పడవ నెట్టుకుంటూ పోవచ్చు. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారాల దగ్గర ఇసుక మేట వేసిందంటే ఉప్పునీరు లోపలికి రాదు. ఎండాకాలంలో సరస్సు చాలా మేర ఎండిపోతుంది. రొయ్య తగ్గుతుంది, చేప తగ్గుతుంది, వలస మొదలవుతుంది. రాత్రంతా వల వేసి ఉత్తచేతులతో ఒడ్డు చేరిన రోజులు ఈ పల్లెల్లో ప్రతి ఇంటికీ ఉన్నాయి. రాత్రంతా ఏమీ దొరకని పేతురు యేసు మాట మీద మళ్లీ వల వేసిన లూకా సువార్త 5వ అధ్యాయం ఇక్కడ చదివితే వినేవాళ్ల మొహాలు మారడం చూస్తాం.

ఈ ప్రాంతానికి సువార్త కొత్తదీ కాదు. సరస్సు దక్షిణపు ఒడ్డున పులికాట్ పట్నంలో పోర్చుగీసువాళ్లు 1515లోనే మరియమాత పేరిట గుడి కట్టారు. తెలుగు పల్లెల్లోకి వచ్చింది మాత్రం బాగా ఆలస్యంగా. నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టులు 1840లో దిగారు. సూళ్లూరుపేట, నాయుడుపేట వైపు జర్మనీలోని హెర్మన్స్‌బుర్గ్ నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు 1860ల్లో పని మొదలుపెట్టారు. ఆ పనికి వారసురాలే తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ ఆంధ్ర లూథరన్ సంఘం. 1941 తర్వాత మద్రాసు నుంచి భక్తసింగ్ గారి కూడికల ప్రభావం ఇటు వ్యాపించింది. ఇప్పుడు పెంతెకొస్తు సంఘాలు, స్వతంత్ర సంఘాలు చాలానే ఉన్నాయి. ఎవరి ఆరాధన తీరు వాళ్లది. అయినా చాప పరచుకుని కూర్చుని ఒక భక్తుడి జీవితాన్ని తీసుకుని మాట్లాడుకోవడం అందరికీ నచ్చే పని.

నాకనిపించేది, ఇది మన వినికిడిలోనే ఉంది. హరికథలో, పురాణ కాలక్షేపంలో తెలుగువాడు ఎప్పుడూ మనిషిని పట్టుకునే విన్నాడు. భరతుడిలాంటి తమ్ముడు, కర్ణుడిలాంటి స్నేహితుడు అని ఇంటి మనుషుల్ని కథలోని మనుషులతో కొలిచాడు. క్రైస్తవుడైనాక ఆ చెవి ఎక్కడికీ పోలేదు. 19వ శతాబ్దంలో పురుషోత్తమ చౌదరి గారు మన రాగాల్లో కీర్తనలు కట్టినప్పుడు జనం వాటిని సొంతం చేసుకున్నది కూడా అందుకే. సిద్ధాంతం వాక్యంగా చెప్తే తలూపి ఊరుకుంటారు. అదే ఒక మనిషి పడి లేచిన కథగా చెప్తే రాత్రి అన్నం తినేటప్పుడు కూడా దాన్ని గురించే మాట్లాడుకుంటారు.

మరి పద్ధతి ఏమిటి? మొదటి పని ఓపికతో కూడింది. ఆ మనిషి కనబడే చోట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోవాలి. పేతురు విషయంలో నాలుగు సువార్తలు, అపొస్తలుల కార్యాల్లో మొదటి సగం, 15వ అధ్యాయం, గలతీ పత్రిక 2వ అధ్యాయం, కొరింథీ మొదటి పత్రిక 9వ అధ్యాయంలో ఆయన భార్య ప్రస్తావన, ఆయన పేరున్న రెండు పత్రికలు. ఈ జాబితా ముందు పెట్టుకోకుండా చేసే ధ్యానం ఒక్క సంఘటన చుట్టూ తిరిగి మనకు కావలసిన పాఠమే మనకు అప్పగిస్తుంది. వాగ్దానపు క్యాలెండరులో తేదీకొక మాట చూసుకునే అలవాటు వల్ల ఈ ఓపిక మనలో బాగా తగ్గిందని నా బాధ.

తర్వాత ఆ మనిషి చేతులేం చేస్తున్నాయో చూడాలి. ఈ ఒక్కచోట కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. గలిలయ సముద్రం అని పేరేగానీ అది మంచినీటి సరస్సు. పొడవు సుమారు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. 1986లో కరువొచ్చి నీళ్లు తగ్గినప్పుడు బురదలో ఒక పాత పడవ బయటపడింది. కనిపెట్టింది చేపలు పట్టే ఇద్దరు అన్నదమ్ములే. అది క్రీస్తు కాలానికి దగ్గరది, పొడవు 8 మీటర్ల పైచిలుకు. దానికి మళ్లీ మళ్లీ మరమ్మతులు జరిగాయి, ఏ చెక్క దొరికితే ఆ చెక్కతో అతుకులు వేశారు. లెక్కిస్తే పన్నెండు రకాల చెక్క తేలింది. పేతురు పడవ అదేనని ఎవరూ అనలేదు, అనకూడదు కూడా. అయినా ఆ అతుకులు చూస్తే ఆ రోజుల్లో పడవవాడి బతుకెలా ఉండేదో తెలుస్తుంది. అప్పటి వలలు నారవి. పగటి వెలుగులో చేప ఆ దారాన్ని చూసి తప్పుకుంటుంది, కాబట్టి వేట రాత్రి సాగేది. తెల్లారాక వలలోని నాచు, బురద కడిగి ఆరబెట్టకపోతే నార కుళ్లిపోతుంది. లూకా 5లో యేసు ఒడ్డుకు వచ్చేసరికి జాలరులు చేస్తున్నది ఆ పనే.

తడ మండలంలో ఒక ఇంటి కూడికలో ఈ భాగం చదువుతుంటే వెనక కూర్చున్న పెద్దాయన ఒకరు మధ్యలో అందుకున్నారు. “అయ్యగారూ, వల కడుగుతున్నాడంటే ఆ పూటకి ఆశ వదులుకున్నట్టే గదా. కడిగిన వల మళ్లా నీళ్లలో వెయ్యమంటే ఎవురికి మనసొప్పుద్ది? మళ్లా కడగాల, మళ్లా ఆరబెట్టాల. అదీ పట్టపగలు!” పాస్టరుగారు పుస్తకం మూసి, “నిజమే పెద్దాయనా, ఆ కడుగుడు సంగతే ఇంకొంచెం చెప్పండి” అన్నారు. ఆ తర్వాత అరగంట పాఠం చెప్పింది ఆ పెద్దాయనే. పొద్దుటెండకు వల ఎలా బిరుసెక్కుతుందో, కన్ను కన్నూ విడదీసి చిక్కు తీయడానికి ఎంతసేపు పడుతుందో చేతులతో చూపించారు. విశ్వాసమంటే అలసిపోయిన ఒంటితో మళ్లీ చేయాల్సిన పని అని ఆ రోజు అక్కడున్నవాళ్లకు ఎవరూ విడమరచి చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఇంకో సంగతి చూడండి. పేతురు తన అలసటను దాచుకోలేదు. రాత్రంతా కష్టపడ్డామని, ఏమీ దొరకలేదని ముందు చెప్పేశాడు, ఆ తర్వాతే వల వేస్తానన్నాడు. ప్రార్థనలో మనం ముందు స్తుతులు, తర్వాత విన్నపాలు అని వరస పెట్టుకుంటాం. మా మగ్గం నడవడం లేదు ప్రభువా, మా రొయ్యల చెరువు పోయింది అని నోరు తెరిచి చెప్పడం విశ్వాసం తక్కువై కాదని పేతురు మనకు ధైర్యం ఇస్తాడు.

ఇక నాకు గట్టిగా చెప్పాలనిపించే మాట. ఈ మధ్య ఈ భాగాన్ని ఆశీర్వాద ప్రసంగంగా వాడటం ఎక్కువైంది. మాట వింటే వలలు నిండుతాయి, పడవలు మునిగేంతగా నిండుతాయి, మీ వ్యాపారమూ అంతే అని చెప్తున్నారు. పూర్తి అధ్యాయం చదవండి. చేపలు చూసిన పేతురుకు సంతోషం రాలేదు, భయం వచ్చింది. తన పాపం గుర్తొచ్చి మోకాళ్ల మీద పడ్డాడు. ఒడ్డుకు చేరాక ఆ చేపల్ని, పడవల్ని, అన్నిటినీ అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. జీవితంలో వల బాగా నిండిన రోజే వలను విడిచిన రోజు. ఆ చివరి మాట మింగేసి ముందు మాట మాత్రం అమ్ముకోవడం వాక్యానికి అన్యాయం. రుణాల కిందపడి కూడికకు వచ్చే మత్స్యకార కుటుంబానికి మరీ పెద్ద అన్యాయం.

దీనికి మన చరిత్రలోనే ఒక జవాబు ఉంది. ధాత, ఈశ్వర సంవత్సరాల కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని ఆకలిగా ఉన్నవాళ్లకు కూలి ఇచ్చారు. మద్రాసు దాకా, మన పులికాట్ మీదుగా సాగే కాలువే అది. వేలమంది బాప్తిస్మం అడిగారు. గంజి కోసం, కూలి కోసం వచ్చారేమో అన్న అనుమానం ఉండకూడదని, సహాయం నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశారు. కరువు పని ముగిశాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ప్రసంగాల్లో ఆ అంకెను పెంతెకొస్తుతో పోల్చడం మామూలు. నన్ను కదిలించేది మాత్రం అంతకుముందు ఆయన వేచి ఉన్న నెలలు.

వలలు వదలడం గురించి యువకులు అడిగే ప్రశ్న ఒకటుంది. 2008లో శ్రీసిటీ పారిశ్రామిక కేంద్రం మొదలయ్యాక ఇటువైపు పల్లెల పిల్లలు షిఫ్టు బస్సెక్కి ఫ్యాక్టరీలకు పోతున్నారు. సరస్సు వదిలి పోవడం పేతురు వలలు వదలడం లాంటిదేనా? కాదనే నా అభిప్రాయం. అది జీతం కోసం, అందులో తప్పేమీ లేదు. పేతురు కూడా పునరుత్థానం తర్వాత ఒక రాత్రి మళ్లీ చేపలకు పోయాడు. యోహాను 21లో ఎవరూ ఆయన్ను మందలించరు. తెల్లారి ఒడ్డున ప్రభువు నిప్పులు రాజేసి, చేప కాల్చి, రొట్టె పెట్టి, టిఫినుకు పిలిచాడు.

ఆ నిప్పుల దగ్గరే ఈ పద్ధతిలోని మరో మెలకువ తెలుస్తుంది. ఒక ఘట్టాన్ని ఇంకో ఘట్టం పక్కన పెట్టి చూడటం. యోహాను సువార్తలో నిప్పుల మంట రెండుసార్లే కనబడుతుంది. ఒకటి ప్రధానయాజకుడి లోగిట్లో, చలికాచుకుంటూ పేతురు బొంకినచోట. రెండోది ఇక్కడ. అక్కడ మూడుసార్లు కాదన్నవాణ్ని ఇక్కడ ప్రభువు మూడుసార్లు ప్రేమిస్తున్నావా అని అడిగాడు. పడినచోటు లాంటి చోటే తయారుచేసి, ముందు కడుపు నింపి, తర్వాత ప్రశ్న అడిగాడు. ఇంట్లో తప్పు చేసిన కొడుకును అందరి ముందూ నిలదీసే తండ్రులు ఈ వరసను గమనించాలి. అన్నం ముందు, ప్రశ్న తర్వాత.

స్త్రీల కూడికల్లో నేను ఎక్కువ విన్నది పేతురు అత్తగారి గురించి. జ్వరంతో పడుకున్న ఆమెను ప్రభువు లేపగానే ఆమె వాళ్లకు వడ్డించింది. లూకా ఈ సంగతిని వలల కథకు ముందే చెప్పాడు. కాబట్టి ముక్కూ మొహం తెలియనివాడి మాట మీద పేతురు వల వేయలేదు, తన ఇంటికి వచ్చి అత్తగారిని బాగుచేసినవాడి మాట మీద వేశాడు. ఈ వరస మొదట నాకు చూపించింది చదువు పెద్దగా లేని ఒక అక్క. పెళ్లయ్యాక అత్తను దగ్గర పెట్టుకుని చూసుకున్న అల్లుడు పేతురు అని కూడా ఆమే అన్నది.

అన్నిటికన్నా తక్కువగా ధ్యానించేది గలతీ 2. యొప్పేలో దర్శనం చూసి, కొర్నేలి ఇంట భోజనం చేసి, దేవునికి పక్షపాతం లేదని నోరారా చెప్పిన పేతురు, అంతియొకయలో యాకోబు దగ్గర నుంచి కొందరు వచ్చేసరికి అన్యుల పంక్తిలోంచి లేచిపోయాడు. భయపడి లేచాడు. పౌలు అందరి ఎదుట మొహం మీదే అడిగాడు. పేతురు ఏం జవాబిచ్చాడో పత్రికలో లేదు. ఆ ఖాళీని మనం పూరించకూడదు. మంచి ధ్యానంలో ఇలాంటి చోట ఆగి, ఆ పంక్తిలో నేనైతే ఎటు కూర్చుంటాను అని ప్రశ్నించుకోవాలి.

తెలుగు సంఘానికి ఇది దూరపు సంగతి కాదు. ఒంగోలులో పై కులాలవాళ్లు కొందరు క్లౌ దగ్గరకు వచ్చి, మాదిగల్ని చేర్చుకోనంటే తాము వస్తామన్నారు. ఆయన ఒప్పుకోలేదు, యెర్రగుంట్ల పేరయ్యతో మొదలైన మాదిగల సంఘమే నిలిచింది. అయినా ఇప్పటికీ మాల మందిరం, మాదిగ మందిరం అని వేరువేరుగా ఉన్న ఊళ్లున్నాయి. పెళ్లి సంబంధాల దగ్గర కులం అడగని విశ్వాసులు ఎంతమంది? పేతురు మీద వారాల తరబడి కూడికలు పెట్టుకుని, నీళ్ల మీద నడక, కోడి కూత, పెంతెకొస్తుతో ముగించేస్తే అసలు మనకు తగలాల్సిన భాగం వదిలేసినట్టే. అంతియొకయ పంక్తి చదివిన రోజున రెండు మందిరాలవాళ్లనూ పిలిచి చదవాలి, భోజనాలు కూడా అక్కడే పెట్టుకోవాలి.

ఆ తర్వాత చదవాల్సింది పేతురు మొదటి పత్రిక. అందులో 5వ అధ్యాయంలో ఆయన సంఘ పెద్దలతో మాట్లాడుతూ తనను వాళ్లలో ఒకడిగానే చెప్పుకున్నాడు, మందమీద పెత్తనం చేయవద్దన్నాడు, డబ్బు ఆశతో కాయవద్దన్నాడు. నా గొర్రెలను మేపు అని నిప్పుల దగ్గర విన్న మనిషి రాసిన మాటలివి. అంతియొకయలో అందరి ముందూ మాట పడ్డ మనిషి రాసినవి కూడా. రెండూ గుర్తుపెట్టుకుని ఆ అధ్యాయం చదవడానికి ఒక కూడిక సరిపోదు, కనీసం నెల పెట్టుకోవాలి.