రంగు కింద పని

కారు తలుపుకి సొట్ట పడితే విజయవాడ ఆటోనగర్‌కో, హైదరాబాద్‌లో తెలిసిన షెడ్డుకో తీసుకెళ్తాం. బండి తిరిగొచ్చాక చూసేది ఒక్కటే, కొత్త రంగు పాత రంగులో కలిసిందా లేదా. కలిస్తే పని బాగుందంటాం. ఆ పని ఎవరి చేతిదో అడగం. పెయింటింగ్ మేస్త్రీ పేరు బిల్లు మీద ఉండదు. ఎంత బాగా చేస్తే అంతగా కంటికి ఆనకుండా పోయే పని ఇది. అలాంటి పనికి విలువ కట్టేదెలా? కార్ పెయింటింగ్‌లో ఇచ్చే సర్టిఫికెట్ల గురించి మాట్లాడాలంటే ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి.

రంగు వేస్తే కింద ఉన్నదంతా కప్పుకుపోతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది తలకిందులు. గోడ సున్నంలో దాగే వంకర, అద్దంలా మెరిసే క్లియర్ కోట్ కింద దాగదు. ఫ్యాక్టరీలో కారుకి వేసే పొరలన్నీ కలిపినా మందం సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. తుప్పు పట్టకుండా ఆపడం, నునుపు, రంగు, మెరుపు, ఎండకు తట్టుకోవడం, ఇవన్నీ అంతలోనే ఇమడాలి. పైగా ఫ్యాక్టరీలో ఉత్త రేకు బాడీని 140 డిగ్రీలకు, అంతకు పైన కూడా కాలుస్తారు. తయారైన కారులో వైర్లు, ప్లాస్టిక్ ఉంటాయి కాబట్టి షెడ్డులో 60 డిగ్రీలు దాటరు. అందుకే హార్డనర్ కలిపి గట్టిపడే రంగులు వాడతారు. కంపెనీ చేసిన పనికి సమానమైన పనిని, కంపెనీకి ఉన్న వసతులు లేకుండా చేసి చూపించాలి. ఈ కష్టం బండి ఓనరుకి తెలియదు.

సొట్ట తీసిన రేకు మీద పని గరుకు కాగితంతో మొదలవుతుంది. లప్పాన్ని ఆకారానికి తేవడానికి 80 నంబరు, ఆ గీతలు పోవడానికి 180, పాత రంగు అంచుని పల్చగా జార్చడానికి 320, ప్రైమర్ మీద 600 లేదా 800 వాటర్ పేపర్. మధ్యలో ఒక నంబరు ఎగ్గొట్టినా ఆ రోజుకి ఏమీ తెలియదు. 80 నంబరు గీతల మీద నేరుగా ప్రైమర్ కొడితే గీతల్లో చేరిన థిన్నర్ నెమ్మదిగా ఆరుతుంది, పొర కుంగుతుంది, కొన్ని వారాల ఎండ తగిలాక ఆ గీతలే పైకి తేలతాయి. లప్పంలో హార్డనర్ కొలతా అంతే. బరువులో 2 శాతం దగ్గర ఉండాలి. త్వరగా గట్టిపడుతుందని ఎక్కువ పిండితే అందులోని పెరాక్సైడ్ రంగులోకి ఊరి తెల్ల కారు మీద పసుపు మరకగా బయటపడుతుంది. అప్పటికి ఓనరు డబ్బు కట్టేసి వెళ్లిపోయి ఉంటాడు.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా అందంగా కనిపించేది గైడ్ కోట్. ప్రైమర్ ఆరాక దాని మీద నల్ల పొడి పల్చగా రుద్దుతారు. తర్వాత పొడవాటి బ్లాకుకి కాగితం చుట్టి, తలుపు మీద అడ్డంగా ఒకసారి, ఏటవాలుగా ఒకసారి తీస్తారు. నలుపు అంతటా పోయి ఒకచోట మాత్రం మిగిలితే అక్కడ పల్లం ఉన్నట్టు. నలుపుతో పాటు ప్రైమర్ కూడా పోయి రేకు తేలితే అక్కడ మిట్ట. కన్ను పట్టుకోలేని తేడాని ఆ పొడి పట్టిస్తుంది. అనుభవం ఉన్న మేస్త్రీ ఆ తర్వాత కూడా ఊరుకోడు. వేళ్ల కొసలతో తడమకుండా అరచెయ్యి మొత్తం ఆనించి తలుపు పొడవునా ముందుకీ వెనక్కీ జరుపుతాడు. కొందరు మధ్యలో పల్చటి గుడ్డ వేస్తారు, చెయ్యి జారుగా కదిలి తేడా ఇంకా బాగా తెలుస్తుంది. పక్కనున్న కుర్రాడికి చెప్పేది కూడా అదే, “ఒరే, చూడటం కాదురా, చెయ్యి పెట్టు.” కుర్రాడికి మొదటి ఏడాదంతా వాటర్ పేపర్ పనే ఇస్తారంటే అది చాకిరీ అనుకుంటాం. అరచేతికి చదువు చెప్పే పద్ధతి అదే.

ఆ తర్వాతే గన్. దాని పుట్టుక వైద్యంలో ఉంది. అమెరికాలోని టొలీడోలో అలెన్ డెవిల్బిస్ అనే డాక్టరు 1880ల్లో గొంతులో మందు చల్లడానికి చిన్న తుంపర పరికరం చేశాడు. ఆయన కొడుకు థామస్ దాన్ని రంగు చల్లే గన్‌గా మలిచాడు. 1923లో డూపాంట్ కంపెనీ డ్యూకో లాకర్ తెచ్చాక, వార్నిష్ ఆరడానికి వారాలు పట్టే పని గంటల్లోకి వచ్చింది. మన పాత మేస్త్రీల నోట డ్యూకో పేరు ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

గన్‌ని తలుపుకి 15 నుంచి 20 సెంటీమీటర్ల దూరంలో నిటారుగా పట్టి, ప్రతి వరసా ముందు వరసని సగం కప్పేలా నడపాలి. మణికట్టు విల్లులా తిరిగితే నడుమ తడి ఎక్కువై రంగు కారుతుంది, చివర్లు పొడిబారతాయి. చెయ్యి బాగున్నా గాలి మోసం చేయొచ్చు. తీరం దగ్గరి ఊళ్లలో తేమకి కంప్రెసర్ ట్యాంకులో నీరు చేరుతుంది, రోజూ బయటికి వదిలేయకపోతే అది రంగులో బొబ్బలవుతుంది. పక్క షెడ్డులో డాష్‌బోర్డు మీద చల్లిన సిలికాన్ పాలిష్ గాల్లో తేలి వచ్చినా చాలు, తడి రంగు చేపకళ్లలా గుంటలు పడుతుంది.

సిల్వర్ కారు అన్నిటికన్నా కఠినమైన పరీక్ష. డోర్ పిల్లర్ మీది కోడ్ చూసి అదే రంగు కలిపినా కలవకపోవచ్చు. అందులోని అల్యూమినియం రజను తడిగా కొడితే పొర లోపలికి దిగి రంగు ముదురుగా కనిపిస్తుంది, పొడిగా కొడితే పైన తేలి లేతగా మెరుస్తుంది. ఒకే డబ్బా, ఒకే గన్, ఇద్దరి చేతుల్లో రెండు రంగులు. ట్యూబులైటు కింద కలిసింది ఎండలో విడిపోవడమూ ఉంది. అందుకే మంచి మేస్త్రీ ముందు ఒక కార్డు మీద కొట్టి, క్లియర్ వేసి, ఆరాక ఎండలోకి తీసుకెళ్లి ఎదురుగానూ పక్క నుంచీ చూస్తాడు. అప్పటికీ నమ్మడు. దెబ్బ తగలని పక్క తలుపు మీదికి కూడా రంగుని పల్చబరుస్తూ కలిపేసి, రెండిటికీ క్లియర్ వేస్తాడు. తగలని తలుపుకి కూడా డబ్బులు అడుగుతున్నాడని కొందరు ఓనర్లు గొడవపడతారు. ఆ డబ్బు న్యాయమైనదే.

ఇంత పనిని కాగితం మీద ఎలా కొలవాలి? అమెరికాలో ఏఎస్ఈ అనే సంస్థ 1972 నుంచి మెకానిక్‌లకు పరీక్షలు పెడుతోంది. పెయింటింగ్‌కి పెట్టే పరీక్ష పేరు బి2. అందులో గన్ ఇవ్వరు, ప్రశ్నలిస్తారు. ఫలానా లోపానికి కారణం ఇదని ఒక టెక్నీషియన్ అంటాడు, కాదు అదని ఇంకొకడు అంటాడు, ఎవరిది నిజం అన్నది అక్కడి ప్రశ్నల తీరు. సర్టిఫికెట్ చేతికి రావాలంటే పరీక్షతో పాటు రెండేళ్ల పని అనుభవం చూపించాలి. అయిదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఈ గడువు నాకు నచ్చింది, ఎందుకంటే రంగులు మారుతున్నాయి. ఐరోపాలో 2007 నుంచి షెడ్డు రంగుల్లో ఆవిరయ్యే ద్రావకాలకు హద్దు పెట్టారు, దాంతో క్లియర్ కింద వేసే రంగు పొరకి, అంటే బేస్ కోట్‌కి, నీటితో పలుచబరిచే రకం మామూలైంది. అది ఆరడానికి గాలి ధారాళంగా కదలాలి. థిన్నర్ రంగుతో ఇరవై ఏళ్లు పనిచేసిన చెయ్యి కూడా దాని దగ్గర కొత్తగా నేర్చుకోవాల్సిందే.

మన ఐటీఐల పట్టికలో ఆటో బాడీ పెయింటింగ్‌కి ఏడాది ట్రేడ్ ఉంది, అక్కడ చేతిపని పరీక్షా ఉంటుంది. చదువు లేకుండా పని నేర్చినవాళ్లకు, ఉన్న నైపుణ్యాన్నే పరీక్షించి పత్రం ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో వచ్చింది. ఆటోనగర్ మేస్త్రీలకు కావలసింది ఈ రెండో దారి. వాళ్ల చేతిలో పని నిండుగా ఉంది. అయితే బొబ్బ ఎందుకు వచ్చిందని అడిగితే చాలామంది మెటీరియల్ మంచిది కాదంటారు. కారణం తెలిసినవాడు రెండోసారి ఆ తప్పు జరగనివ్వడు, షెడ్డు మారినా కంపెనీ మారినా తట్టుకుంటాడు. గల్ఫ్‌లోనో కంపెనీ సర్వీస్ సెంటర్లోనో ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆ కారణాన్ని వివరించగలగడం జీతంలో కనిపిస్తుంది. కాబట్టి పరీక్ష చేతినీ అడగాలి, కారణాన్నీ అడగాలి. రెండిట్లో ఏది తగ్గినా ఆ పత్రం సగమే.

ఇక ఒక విషయం దగ్గర ఏ రాజీ ఉండకూడదు. హార్డనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి. వాసనతో హెచ్చరించకుండానే అవి ఊపిరితిత్తులను దెబ్బతీస్తాయి. ఒకసారి ఒంటికి పడకపోవడం మొదలైతే ఆ తర్వాత కొద్దిపాటి తుంపర పీల్చినా ఆస్తమా తిరగబెడుతుంది, ఆ మనిషి ఈ పని మానుకోవాల్సి వస్తుంది. ముక్కుకి చేతిరుమాలు కట్టుకుని క్లియర్ కొట్టే కుర్రాళ్లు మన షెడ్లలో ఇంకా ఉన్నారు. రుమాలు ఐసోసయనేట్లను ఆపదు. మూసిన బూత్‌లో కొట్టేటప్పుడు బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే మాస్కు కావాలి. గన్ కడిగేటప్పుడు కూడా గ్లవుజులు ఉండాలి. పరీక్ష పెట్టేవారు గన్ పట్టించే ముందు మాస్కు పెట్టించి చూడాలి, అది ముఖానికి సరిగ్గా అంటుకుందో, గాలి ఎక్కడి నుంచి వస్తోందో చెప్పమనాలి. ఆ మాస్కు ఖర్చు మేస్త్రీ కూలిలోంచి కోయకుండా షెడ్డు యజమానే పెట్టుకోవాలి, మనం కట్టే బిల్లులో దానికీ ఒక వరస ఉండాలి.