ఎప్పుడు కొట్టినా 1780

అరచేతిలో పెట్టుకోగానే ముందు తెలిసేది బరువు. మన పాత వెండి రూపాయి సరిగ్గా తులం తూగేది. ఈ థాలర్ అనే వెండి నాణెం రెండున్నర తులాలకు కాస్తే తక్కువ, 28 గ్రాముల పైచిలుకు. బొమ్మవైపు నిండు బుగ్గలతో, భర్త పోయాక వేసుకున్న మేలిముసుగుతో ఆస్ట్రియా రాణి మరియా థెరిసా. బొరుసువైపు రెండు తలల గద్ద. దాని చుట్టూ తిరిగే అక్షరాల చివర 1780. ఆ ఏడాది నవంబరు 29న రాణి కన్నుమూసింది. నా చేతిలోని నాణెం మాత్రం వయసులో నాకన్నా చిన్నది.

అలాగని ఇది దొంగ నాణెం కాదు. నాణేలు పోగుచేసేవాళ్లు దీన్ని రీస్ట్రైక్ అంటారు. నాణెం మీద వేసిన ఏడాది ఎప్పుడో దాటిపోయాక కూడా అదే ఏడాదితో, పాత అచ్చుతోనో ఆ వరసలోనే తీసిన కొత్త అచ్చుతోనో టంకశాల మళ్లీ కొట్టినది. ఒక నాణెం మీదే ఇంకో ముద్ర గుద్దితే ఓవర్‌స్ట్రైక్, దాని కథ వేరు. హక్కు లేనివాడు మోసానికి కొడితే దొంగ నాణెం. చెప్పడానికి ఇంతే. నాణేన్ని భూతద్దం కిందికి తెచ్చాకే చిక్కులు మొదలవుతాయి.

ఈ థాలరు పుట్టిల్లు గున్స్‌బుర్గ్ టంకశాల. రాణి భుజం కింద ఎస్.ఎఫ్. అని రెండు పొట్టి అక్షరాలుంటాయి. అవి అక్కడి అధికారులు షోబ్ల్, ఫాబిల పేర్ల తొలి అక్షరాలు. ఎర్రసముద్రం తీరాల వర్తకులు ఈ రాణి బొమ్మను నమ్మారు. ఆమె పోయాక ఇంకో బొమ్మతో ఇస్తే పుచ్చుకోం అన్నారు. అందుకని పాత తేదీతోనే కొట్టడం మొదలైంది. తర్వాత వియన్నా, ప్రాగ్, మిలాన్, వెనిస్. ఇరవయ్యో శతాబ్దంలో రోమ్, పారిస్, లండన్, బ్రసెల్స్, బర్మింగ్‌హామ్. మధ్యలో 1940–41లో మన బొంబాయి. ఎక్కడ కొట్టినా అవే 1780, ఎస్.ఎఫ్. షోబ్ల్, ఫాబిలు బొంబాయి టంకశాలకూ సంతకం పెట్టినట్టయింది!

నన్ను కట్టిపడేసింది ఈ పనిలోని క్రమశిక్షణ. అచ్చు చెక్కేవాడికి కొత్తది చెయ్యడం ఇష్టమైన పని. తన గీత ఒకటి పడాలని వేలు ఉబలాటపడుతుంది. ఇక్కడ అదే పడకూడదు. యెమెన్‌లో కాఫీ గింజలమ్మే వర్తకుడు రాణి కిరీటపట్టీ మీదా భుజం దగ్గరి పిన్ను మీదా ఉన్న ముత్యాలను గోటితో తడిమి లెక్కపెట్టుకునేవాడు. చుక్క తగ్గినా, అరిగి మాసినా నాణెం వెనక్కి వచ్చేది. అరబ్బీలో దీనికి అబు నుక్తా, చుక్కల స్వామి అన్న పేరు ఊరికే రాలేదు. ఆ చుక్కలు నగిషీలు కావు, నమ్మకపు గుర్తులు.

వెండిలోనూ అదే పట్టింపు. ఆరు పాళ్లలో అయిదు వెండి, ఒకటి రాగి. అంటే ఒక్కో నాణేనికి ఇంచుమించు 23.4 గ్రాముల శుద్ధ వెండి. పద్దెనిమిదో శతాబ్దపు ఈ కొలతను ఇప్పటికీ ఎవరూ కదపలేదు.

ఇక అంచు. అసలు పనితనం అక్కడుంది. బొటనవేలు ఆనించి నెమ్మదిగా తిప్పండి. ఉబ్బిన అక్షరాలు, మధ్యలో చిన్న చిన్న అలంకారాలు తగులుతాయి. జస్టిషియా ఎట్ క్లెమెన్షియా, న్యాయమూ దయా, అన్నది రాణి నినాదం. అంచుకు అక్షరాలు ఎందుకంటే, ఎవరైనా చుట్టూ సన్నగా గీకి వెండి కాజేస్తే ముందు పోయేవి అవే. దెబ్బ పడేటప్పుడు నాణెం చుట్టూ ఉండే ఉక్కు కట్టును కాలర్ అంటారు. గీతలు మాత్రమే ఉన్న అంచయితే ఆ కట్టులోంచి నాణేన్ని తిన్నగా పైకి నెట్టేయవచ్చు. ఉబ్బెత్తు అక్షరాలుంటే ఇరుక్కుపోతుంది. కాబట్టి కట్టును ముక్కలుగా చేసి, దెబ్బ పడ్డాక విచ్చుకునేలా అమర్చాలి. ఆ ముక్కలు కలిసిన చోట వెంట్రుకంత గీత మిగిలిందేమోనని చూడటం నాకో సరదా.

ఎంత కాచుకున్నా చెయ్యి ఎక్కడో బయటపడుతుంది. గద్ద తోకలో ఈకల లెక్క మారుతుంది. పిన్ను ఆకారం ఒక టంకశాలలో గుండ్రం, ఇంకోచోట కోల. ఎరిగినవాళ్లు వీటిని బట్టే ఇది ఏ ఊరిదో, ఏ దశాబ్దానిదో పసిగడతారు. పాత అచ్చుతోనే కొట్టిన రీస్ట్రైకులయితే తమ వయసు తామే చెప్పుకుంటాయి. ఏళ్ల తరబడి మూలన పడున్న ఉక్కుకు తుప్పు తిని గుంటలు పడతాయి. అచ్చులో గుంట నాణెం మీద మొటిమ. అచ్చు పగిలిన చోట నాణెం మీద సన్నని గట్టు. తుప్పు పోవాలని అచ్చును మెరుగుపెడితే పల్చటి వెంట్రుకలూ బట్ట మడతలూ మాయమవుతాయి.

ఇప్పుడు చిక్కు ప్రశ్న. 1935లో ఇటలీ నియంత ముస్సోలినీ అబిసీనియా (నేటి ఇథియోపియా) దండయాత్రకు సిద్ధపడుతూ ఈ నాణెం కొట్టే హక్కును ఆస్ట్రియా దగ్గర పాతికేళ్లకు పుచ్చుకున్నాడు. ఆ దేశంలో చెల్లుబాటయ్యేది ఇదే మరి. హక్కు ఇటలీ చేతిలో ఉన్నా బ్రిటిష్ వర్తకులకూ థాలర్లు కావాల్సి వచ్చాయి. లండన్ టంకశాల 1936 నుంచి సొంతంగా అచ్చులు తయారుచేసుకుని కొట్టింది. 1858 తర్వాత ఆస్ట్రియాలోనే ఇది చెల్లదు కాబట్టి ఎవరైనా కొట్టుకోవచ్చన్నది వాళ్ల వాదన. అచ్చు అసలుది కాదు, అనుమతి లేదు. అయితే రీస్ట్రైకా, నకలా? కేటలాగులు దీన్నీ రీస్ట్రైకుల్లోనే వేస్తాయి. నాకూ అదే సబబనిపిస్తుంది. బరువులో, వెండిలో రవ్వంత మోసం లేదు. కొట్టింది ప్రభుత్వ టంకశాల. ఛాందసులు ఒప్పుకోరు, వాళ్లతో వాదన నాకు ఇష్టమే.

దీనికి పక్కన అమెరికా 1804 డాలర్‌ను పెట్టి చూడాలి. ఆ తేదీతో మొదట కొట్టిందే 1834–35లో, సయాం రాజుకూ మస్కట్ సుల్తానుకూ కానుకలుగా. పాతికేళ్ల తర్వాత ఫిలడెల్ఫియా టంకశాలలోని కొందరు సేకర్తలకు అమ్ముకోడానికి గుట్టుగా మరికొన్ని కొట్టారు. వాటిలో ఒకటి 1857 నాటి స్విస్ థాలర్ మీద గుద్దింది. కింది నాణెం జాడ ఇంకా కనబడుతుంది, పైగా అంచు మీద అక్షరాలే లేవు. ఇంత తొందర పనిని నేను మెచ్చుకోలేను. ధర మాత్రం ఆకాశంలో ఉంటుంది.

మన దగ్గరా ఇలాంటివి ఉన్నాయి. బొంబాయి, కలకత్తా టంకశాలలు బ్రిటిష్ ఇండియా నాటి తేదీలతో సేకర్తల కోసం మళ్లీ కొట్టిన ప్రూఫ్ నాణేలు అద్దంలా మెరుస్తాయి. కొనేముందు కేటలాగులో రీస్ట్రైక్ అన్న మాట ఉందో లేదో చూసుకోకపోతే జేబుకు చిల్లు.

ఇథియోపియా, యెమెన్ ఆడవాళ్లు థాలర్లకు కొక్కీ అతికించి మెళ్లో వేసుకునేవారు, మన అమ్మమ్మల కాసులపేరులా. అలా మెడలో తిరిగొచ్చిన అరిగిన థాలర్ ఒకటి ఈమధ్య ఓ దుకాణంలో కనబడింది. రాణి తల మీద టంకం మచ్చ. బొంబాయిదేమోనన్న ఆశతో భూతద్దం తీశాను. పిన్ను పూర్తిగా అరిగిపోయింది, తోక ఈకలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అంచు మాత్రం తిప్పుతూ పోతే, సగం దూరం దాకా, అక్షరాలు ఇంకా వేలికి తగులుతూనే ఉన్నాయి.